మూతికి చిక్కం

రేడియో నోరు కట్టేశారని తెలిసినప్పుడు పార్సిలు ఆఫీసులో సగం మంది ఫక్కున నవ్వారు. నవ్వేశాక నాలిక్కరుచుకున్నారనుకోండి, అది వేరే సంగతి. ఏం చేస్తారు మరి? ఆ మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. మోటారు సైకిలు ఎక్కితే పాట, దిగితే మాట. గేటు దగ్గర కాపలా మనిషితో, లిఫ్టులో ఎక్కిన ముసలావిడతో, సిగ్నలు దగ్గర ఆగిన పక్క బండివాడితో, ఎవరూ దొరక్కపోతే తన బండితోనే మాట్లాడేవాడు. అలాంటివాడి పై దవడనీ కింది దవడనీ కలిపి ఆసుపత్రిలో సన్నటి తీగలతో కట్టేశారు. విరిగిన ఎముక అతుక్కునేదాకా నోరు తెరవడానికి వీల్లేదు.

జరిగింది చెప్పాలంటే చిన్న ముక్కే. వాన వెలిసిన సాయంత్రం, రోడ్డు పక్కన ఆగి ఉన్న వ్యాను తలుపుని లోపలున్న మహానుభావుడెవరో వెనకా ముందూ చూడకుండా తెరిచాడు. రేడియో దాన్ని గుద్దుకుని, గడ్డం హ్యాండిలుకి కొట్టుకుని, ఆపైన రోడ్డు మీద వెల్లకిలా జారుకుంటూ పోయాడు. హెల్మెట్టు ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. కానీ ఆ హెల్మెట్టుకి మూతి దగ్గర అడ్డం ఏమీ లేదు. ముందు పళ్ళు మూడు పోయాయి, కింది దవడ విరిగింది.

ఇప్పుడు తిండంతా గొట్టంతోనే. పాలు, జావ, పళ్ళరసం. ఊడిన మూడు పళ్ళ సందు ఆ గొట్టం పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది, అదొక్కటే అదృష్టం. మాట్లాడబోతే బిగించిన పళ్ళ మధ్యనుంచి ఊఁ, ఊఁ అని తప్ప మరో ముక్క రాదు. మంచం తలాపున మేకుకి చిన్న తీగ కత్తెర వేలాడుతోంది. వాంతొచ్చి ఊపిరాడకపోతే దాంతో తీగలు కత్తిరించాలట. అంతకుమించి దేనికీ దాన్ని ముట్టుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. రోజంతా ఆ కత్తెర వైపు చూస్తూ పడుకోవడమే రేడియో పని.

తీగల బాధ ఎలాగో భరించేవాడే. అతని ప్రాణం తీస్తున్నది ఒక అబద్ధం. అది అతనే ఆడాడు, అదీ ఆరు నెలల పాటు, రోజూ.

రేడియో భార్య పళ్ళ సెట్లు కట్టే వర్క్‌షాపులో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన కొలతలకి ప్లాస్టరు అచ్చులు పోసి, వాటి మీద పళ్ళు కట్టడం ఆమె పని. బాక్సింగు ఆడేవాళ్ళు పళ్ళకి తొడుక్కునే మౌత్ గార్డులు చేసేది కూడా ఆమే. మెత్తటి ప్లాస్టిక్కు రేకుని వేడిచేసి, అచ్చు మీద బిగుతుగా పరిచి, అంచులు కత్తిరించి, నున్నగా తీర్చిదిద్దుతుంది. ఆమె బల్ల మీదికి బాక్సర్ల పళ్ళకంటే బండ్ల మీంచి పడ్డవాళ్ళ పళ్ళే ఎక్కువ వస్తుండేవి. చూసి చూసి ఒకరోజు మొగుణ్ణి పట్టుకుంది.

"ఆటలో గుద్దులు తినేవాడికి గార్డు ఉంది. పొద్దస్తమానం రోడ్ల మీద తిరిగే నీకెందుకు ఉండకూడదు?"

"ఎద్దుకి చిక్కం కట్టినట్టు నా మూతికి కడతావా?"

"ఎద్దు నీ అంత వాగదులే. నోరు తెరువు."

గులాబీ రంగు ముద్ద ఒకటి నోట్లో కుక్కి కొలత తీసుకుంది. నాలుగు సార్లు సరిచేసి మరీ గార్డు చేసింది. రాత్రి భోజనాలయ్యాక పెట్టించి చూసింది, ఎక్కడా గుచ్చుకోవడం లేదు కదా అని వేలుపెట్టి తడిమి మరీ చూసింది. అంత శ్రద్ధగా తన కోసం ఇంతవరకూ ఎవరూ ఏదీ చేయలేదని రేడియోకి కళ్ళు చెమర్చాయి. అబద్ధం కాదు, నిజంగానే చెమర్చాయి.

మర్నాడు మొదటి గేటు దగ్గర "పార్సిలండీ" అనబోతే "ఫాఫిలంఫీ" అని వచ్చింది. కాపలావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండో గేటు చేరేసరికి గార్డు ప్యాంటు వెనక జేబులోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత అది మళ్ళీ నోటి మొహం చూసిందంటే ఒట్టు.

పోనీ, నాకు కుదరడం లేదే అని ఇంటికొచ్చి ఒక్క మాట చెబితే ఏం పోయేది? లోకంలో ఉన్నవన్నీ వాగే నోటికి ఆ ఒక్క ముక్కే బరువైపోయింది. సాయంత్రం వీధి మలుపులో కుళాయి దగ్గర బండి ఆపడం, గార్డుని తడపడం, పెట్టెలో పెట్టి భార్య చేతికివ్వడం. ఆమె దాన్ని మెత్తటి బ్రష్షుతో సబ్బు పెట్టి కడిగి, ఆరబెట్టి, పొద్దున్నే మళ్ళీ ఇచ్చేది.

"ఎలా ఉంది?" అని అడిగేది.

"అసలు ఉన్నట్టే తెలియడం లేదే" అనేవాడు. ఆ మాట మాత్రం నిజమే. జేబులో ఉన్నది నోటికెలా తెలుస్తుంది?

ఒకసారి, "ఇన్ని రోజులైనా పంటి గాట్లు పడలేదేమిటి దీని మీద?" అంది.

"నీలా నేను పళ్ళు నూరను కదా" అన్నాడు. ఆమె పకపకా నవ్వేసింది. రోజూ ఊళ్ళోవాళ్ళ పళ్ళతో పనిచేసే మనిషి, కట్టుకున్నవాడి మాటని మళ్ళీ అనుమానించలేదు. అంత నమ్మకం అతనంటే.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె పార్సిలు ఆఫీసు యజమానితో మాట్లాడి, బండ్లవాళ్ళందరికీ గార్డులుంటే బాగుంటుందని చెప్పింది. ఆయన ఆమెని కూడా పిలిపించి, అందరినీ షెడ్డులో కూర్చోబెట్టాడు. "మూతికి చిక్కమా!" అని ఒకడు, "సైగలు చేసి పార్సిళ్ళివ్వాలా?" అని ఒకడు, గోల గోల. ఆమె మొహం చిన్నబోయింది. అది చూడలేక రేడియో లేచి నిలబడ్డాడు.

"అన్నలూ, నేను రోజూ పెట్టుకుంటున్నా. నన్ను చూడండి. నా అంత వాగుడుకాయకే అడ్డం రాలేదంటే మీకేం అడ్డం వస్తుంది?"

ఇంకేం కావాలి? షెడ్డు షెడ్డంతా చప్పట్లు. ఆరేడుగురు అక్కడికక్కడే కొలతలిచ్చారు. అందరికంటే పెద్దవాడు, తాత అని పిలుస్తారు, ముందుగా నోరు తెరిచి కూర్చున్నాడు. మిగతావాళ్ళకి కూడా చేయిద్దామని యజమాని మాటిచ్చాడు. వర్క్‌షాపు పెద్దాయన ఆమెని పిలిచి, వెలుతురొచ్చే కిటికీ పక్క బల్ల చూపించి, గార్డుల పనంతా ఇక నీదేనమ్మా అన్నాడు. ఎన్నేళ్ళుగానో ఆమె ఆశపడ్డ బల్ల అది. ఆ పూట ఇంటికి నడిచొచ్చిందో ఎగిరొచ్చిందో ఆమెకే తెలియదు.

ఆ తరవాత జరిగిందే ఆ వ్యాను తలుపు సంగతి.

ఆసుపత్రివాళ్ళు అతని వస్తువులన్నీ శుభ్రంగా కడిగి ఒక సంచీలో వేసిచ్చారు. అందులో గార్డు ఉంది. ఒక పక్క నిలువునా చీలిపోయి ఉంది. పోయిన పళ్ళు, చీలిన గార్డు. ఇంకేం అడగాలి? ఆమె మొగుణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గార్డుని కొంగులో చుట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది.

తెలివొచ్చాక విషయం అర్థమైనప్పుడు రేడియో గుండె గుభేలుమంది. ఆ వెంటనే, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, కాస్త హాయిగా కూడా అనిపించింది. నోరు కట్టేశారు కదా, ఎవరూ ఏమీ అడగరు, అడిగినా చెప్పక్కర్లేదు. ఆ హాయి ఇంటికొచ్చిన మొదటి పూటతో సరి.

"ఆ రబ్బరు ముక్క నోట్లో ఉండబట్టే నా కొడుకు దవడ ఇలా అయింది" అంది రేడియో తల్లి. ఆవిడ ఏదన్నా అంటే వీధి చివరిదాకా వినపడుతుంది. "వద్దే తల్లీ అంటే విన్నావా? నీ ప్రయోగాలకి నా బిడ్డే దొరికాడా?"

కోడలు జావలో ముద్దలు లేకుండా వడకడుతూ తలొంచుకుని, "నిజమే అత్తయ్యా, నా తప్పే" అంది.

మంచం మీద రేడియో ఊఁ, ఊఁ అన్నాడు. "చూడు, ఆ పేరెత్తితేనే వాడికి నొప్పి తన్నుకొస్తోంది" అంది తల్లి.

ఆ రోజు మొదలు, పని నుంచి రాగానే భార్య కిటికీ దగ్గర దీపం పెట్టుకుని కూర్చునేది. మొగుడి పళ్ళకి తీసిన పాత ప్లాస్టరు అచ్చు ఎదురుగా పెట్టుకుని, చీలిన గార్డుని దాని మీద తొడిగి, తీసి, మళ్ళీ తొడిగేది. చీలికలో చిక్కుకున్న నీలిరంగు పోగులు సూదితో తీసి, ఆసుపత్రి గుడ్డవి కాబోలు అనుకునేది.

"దెబ్బ తగిలింది ముందు పళ్ళకి. ఇది చీలింది వెనక దవడ పళ్ళ దగ్గర. ఎలా?" అని తనలో తనే అనుకునేది. "అంచు దగ్గర పలచన చేశానా? రేకు ఎక్కువ కాల్చానా?" అనుకుంటూ వేళ్ళతో కణతలు నొక్కుకునేది.

ఎలాగో చెప్పగలిగిన మనిషి ఆ గదిలోనే, నాలుగడుగుల దూరంలో, మంచం మీద ఉన్నాడు. అది చీలింది పళ్ళ కింద కాదు తల్లీ, నా పిర్ర కింద! అని అతని లోపల ఒకటే గోల. జారిపోతున్నప్పుడు వెనక జేబులో ఉన్న దాన్ని రోడ్డూ, అతని బరువూ కలిసి అలా చేశాయి. ఆ ముక్క గొంతు దాకా వచ్చి తీగల దగ్గర ఆగిపోయేది. నిజం చెప్పాలంటే తీగల దాకా కూడా వచ్చేది కాదు, భయం దగ్గరే ఆగిపోయేది. చెబితే ఆమె మొహం ఏమవుతుంది? చెప్పకపోతే ఆమె బతుకేమవుతుంది? ఎటు తిరిగినా గోడే.

తాత పరామర్శకి వచ్చాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "నా గార్డు అవతల పారేశానమ్మా. ఏమీ అనుకోకు. మిగతావాళ్ళూ తీసేశారు. మన రేడియోకే ఇలా అయితే..." అని నసిగాడు.

"మంచి పని చేశారు బాబాయ్" అంది ఆమె. "నేనూ రేపు కిటికీ బల్ల ఖాళీ చేసేస్తున్నా. ఇక గార్డులు చేయనని మా పెద్దాయనకి చెప్పేశా."

రేడియోకి అది విని పై ప్రాణాలు పైనే పోయాయి. తాత వెళ్ళగానే ఫోను అందుకున్నాడు. గబగబా టైపు చేశాడు: నేను గార్డు పెట్టుకోలేదు. ఎప్పుడూ పెట్టుకోలేదు. భార్యని చెయ్యి పట్టి లాగి చూపించాడు.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"పిచ్చివాడా" అంది, అతని తల నిమురుతూ. "నన్ను కాపాడ్డానికి ఇంత మాట అంటావా? రోజూ నా చేతుల్తో కడిగాను కదయ్యా దాన్ని!"

హవ్వ! చెప్పిన అబద్ధమంతా ఆరు నెలలు కళ్ళకద్దుకున్నారు. తీరా నిజం చెబితే త్యాగమంటున్నారు. రేడియో తల అడ్డంగా ఊపాడు. ఊపినకొద్దీ ఆమె ఇంకా ఏడ్చింది, జేబు సంగతి రాయబోతే ఇక చాలని ఫోను లాగి పక్కన పెట్టేసింది. తల్లి కూడా గుమ్మంలోంచి చూసి, "పెళ్ళాం మీద ఈగ వాలనివ్వడు చూడు, ఆ స్థితిలో కూడా" అని ముక్కు చీదింది. రేడియోకి తల గోడకేసి బాదుకుందామనిపించింది. అదీ కుదరదు, దవడ అతుక్కోవాలి.

మర్నాడు సాయంత్రం పార్సిలు ఆఫీసు యజమాని వచ్చాడు. వెంట తాత, ఇంకో ఇద్దరు బండ్లవాళ్ళు. గది చిన్నది. కుర్చీలో యజమాని, ట్రంకుపెట్టె మీద తాత, మిగతా ఇద్దరూ గోడకి ఆనుకుని. రేడియో తల్లి మంచం పక్కన పీట మీద కూర్చుని, పడ్డ రోజు అతను వేసుకున్న నీలం ప్యాంటుకి అతుకు వేస్తోంది. ఆవిడ ఏ గుడ్డనీ పారేయదు.

"చూడమ్మా" అన్నాడు యజమాని రేడియో భార్యతో, "నాకూ బాధగానే ఉంది. కానీ గార్డు ఉండి కూడా పళ్ళు పోయాయంటే ఇక మావాళ్ళు ఎవరూ పెట్టుకోరు. ఆ ఏర్పాటు మానేద్దాం."

"నేనే చెబుదామనుకున్నాను సార్" అంది ఆమె. "తప్పు నాదే. ఎక్కడో చేతిలో పొరపాటు జరిగింది. నా మొగుడి నోటి మీదికే తెచ్చుకున్నాను."

రేడియో ఊఁ, ఊఁ అంటూ లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"ఉండవయ్యా, ఆయాసపడకు" అన్నాడు యజమాని. "నీ మనసు మాకు తెలీదా?"

"పెట్టుకోలేదని ఫోనులో రాసి కూడా చూపించాడు బాబూ, వెర్రి నాయన" అంది తల్లి. అందరూ అయ్యో అన్నట్టు అతని వైపు చూశారు. తాత అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

రేడియో మేకుకున్న కత్తెర లాక్కుని మూతి దగ్గర పెట్టుకున్నాడు. గదంతా హాహాకారాలు. భార్య ఒక్క ఉదుటున వచ్చి దాన్ని గుంజేసుకుంది. "నీకేమన్నా మతిపోయిందా? దవడ మళ్ళీ విరుగుతుంది!"

అప్పుడు అతని చూపు తల్లి ఒళ్ళో ఉన్న ప్యాంటు మీద పడింది. ఆవిడ సగం అతుకేసిన వెనక జేబు మీద పడింది. ఏమీ ఆలోచించలేదు. సూదీ దారంతో సహా లాక్కుని, అతుకు పీకి పారేశాడు. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ!" అని తల్లి అరుస్తున్నా వినిపించుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చీలిన గార్డు తీసుకుని, చిరిగిన జేబులో పెట్టాడు. జేబు చిరుగూ గార్డు చీలికా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అందరికీ చూపించాడు. ఇంకా అర్థం కాని మొహాలు చూసి, చేసేది లేక, ప్యాంటుని తన నడుముకి ఆనించి పట్టుకుని, వాళ్ళకి వీపు పెట్టి, వంగి, వెనకభాగం మీద తనే చరుచుకున్నాడు.

 గోడకి ఆనుకున్నవాళ్ళలో ఒకడు, "ఓరినీ, జేబులోనా!" అన్నాడు. అంతే, గది గదంతా నవ్వే. యజమాని కుర్చీలోంచి పడబోయాడు. తాత తొడ చరిచాడు. "మాకు షెడ్డులో అంత ఉపన్యాసం ఇచ్చి, నువ్వు పెట్టుకుంది అక్కడట్రా!" తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఆవిడ భుజాలు కూడా ఊగుతున్నాయి.

రేడియో తిరిగి చూశాడు. అతను వెతికింది ఒక్క మొహమే.

భార్య నవ్వడం లేదు. ప్యాంటు తీసుకుని దీపం దగ్గరికి వెళ్ళింది. జేబు అంచున తేలిన నీలిరంగు పోగులు వేలితో తాకి చూసింది. సూదితో తీసి పక్కన పెట్టిన పోగులు కిటికీ గట్టు మీద ఇంకా అలాగే ఉన్నాయి. వాటినీ చూసింది.

"అయితే గార్డులో లోపం లేనట్టే కదమ్మా!" అన్నాడు యజమాని, నవ్వు ఆపుకుంటూ. "ఉండుంటే వీడి మూతి బాగుండేదేగా?"

"పళ్ళు మిగిలేవేమో సార్. దవడ సంగతి నేను చెప్పలేను" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. "మీవాళ్ళని మళ్ళీ కొలతలకి పంపండి. చేస్తాను."

ఆ తరవాత మొగుడి వైపు తిరిగింది.

"మరి ఇన్నాళ్ళూ రోజూ సాయంత్రం నేను కడిగిందేమిటి?"

నవ్వులు ఆగిపోయాయి. తాత చెప్పులు వెతుక్కున్నాడు. ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. రేడియో నిలబడ్డచోటే నిలబడిపోయాడు. చెప్పడానికి చాలా ఉంది. నీ మొహం చిన్నబోతే చూడలేకపోయానే, మొదటిరోజే చెప్పాల్సిందే, నేనో పిరికి వెధవనే. ఊఁ అన్నాడు. మళ్ళీ ఊఁ అన్నాడు. ఫోను కోసం చెయ్యి చాపాడు.

"వద్దు" అంది ఆమె. "నాకేమీ వినాలని లేదు."

కత్తెర మేకుకి తగిలించి, జావ వెచ్చబెట్టడానికి లోపలికి వెళ్ళింది.

తీగలు తీసే రోజు రానే వచ్చింది. అప్పటికి పార్సిలు ఆఫీసులో సగం మంది మూతికి చిక్కాలు పెట్టుకుంటున్నారు. పెట్టుకోని సగం మంది ఊపిరాడదనీ, ఎండల్లో దాహమనీ, ఫోను మాట్లాడలేమనీ వంకలు చెబుతున్నారు. పెట్టుకున్నవాళ్ళు "జేబులో పెట్టుకోండి పోనీ" అని ఆటపట్టిస్తున్నారు. కిటికీ పక్క బల్ల మళ్ళీ ఆమెదే. పాత అచ్చు చూసుకుని మొగుడికి మూడు పళ్ళు కట్టింది. కొత్త గార్డు కూడా చేసింది. దేనికీ పేరుపెట్టడానికి లేదు, అంత చక్కగా అమిరాయి. వేళకి తిండి పెడుతుంది, మందులిస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఎలా ఉంది అని మాత్రం అడగదు.

రేడియో క్షమించమని ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. నోరు విడిపించినా మాటకి మునుపటి బలం లేదని అతనికీ తెలుసు. ఇప్పుడతను బండెక్కితే గార్డు పెట్టుకుంటాడు. గేటు దగ్గర ఫాఫిలంఫీ అంటాడు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. పాటలు లేవు. నోట్లో ఊరిన నీళ్ళు మింగుకుంటూ ఊరంతా తిరుగుతాడు.

సాయంత్రం వీధి మలుపులో కుళాయి కనపడితే తల తిప్పుకుని వెళ్ళిపోతాడు. ఇంటికొచ్చి పెట్టె భార్య చేతికిస్తాడు. ఆమె గార్డుని తీసి దీపం కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి, పంటి గాట్లు ఉన్నాయా లేదా అని చూస్తుంది. బల్ల అవతల రేడియో చేతులు కట్టుకుని నిలబడి, ఆమె చూడ్డం అయ్యేదాకా కదలడు.

చూశాక దాన్ని అతని చేతికే తిరిగిస్తుంది, కడుక్కోమని.